పొగలో ఆగిపోయే బొమ్మ

నా చేతులు బాగానే ఉన్నాయట. నాలుగు నెలల తర్వాత ఈ సంగతి నాకు తెలియజేసింది మా టీము కోచ్ కాదు, ఇంట్లో మనిషి కాదు, కంప్యూటర్ ఆటల పోటీ జరుగుతున్న ఈ ఐస్ హాకీ హాల్లో కరెంటు వైర్లు చూసుకోవడానికి వచ్చిన రైమో అనే డెబ్బై ఏళ్ల పెద్దాయన. పేపరు మిల్లులో ఎలక్ట్రీషియనుగా రిటైరయ్యాడు. పొద్దున ట్రామ్ స్టాపు నుంచి నా కంప్యూటర్ని దుప్పటి చుట్టి, పిల్లలు మంచులో జారే ప్లాస్టిక్ బండి మీద పెట్టి, తాడుతో లాక్కుంటూ వచ్చాను. ఇక్కడికి అందరం అలాగే వస్తాం. దారిలో ఏ కుదుపుకో ఫ్యాను గరగరమంది. కాస్త చూడమంటే ఆయన పక్క రేకు విప్పి, టార్చి వేసి లోపలికి తొంగి చూసి, ఫ్యాను మాట పక్కన పెట్టి, "ఈ నాలుగు స్లాట్లూ నింపమని నీకెవరు చెప్పారమ్మాయ్?" అన్నాడు. ర్యామ్ స్టిక్కుల గురించి అడుగుతున్నాడని అర్థం కావడానికి నాకు కొంచెం టైము పట్టింది. నాలుగూ రంగురంగుల దీపాలతో వరుసగా వెలుగుతున్నాయి, పెళ్లి పందిరిలాగా.

"ఎక్కువుంటే మంచిదే కదండీ," అన్నాను. "ఎందుకు మంచిది? నీ ఆట ఎంత తింటుంది? మహా అయితే ఇరవై జీబీ. నీకు ముప్పై రెండు చాలు. ఇప్పుడు అరవై నాలుగు. మిగతాదంతా ఊరికే కూర్చుని ఉంది. ఊరికే కూర్చున్నా పర్లేదు, నాలుగింటినీ మోయలేక ఈ బోర్డు అన్నిటి వేగమూ తగ్గించేసుకుంది. ఆరు వేలతో పరిగెత్తాల్సినవి మూడు వేల ఆరొందలతో నడుస్తున్నాయి, చూడు." చూశాను. స్క్రీను మీద తెల్లటి అక్షరాల్లో ఉంది, 3600 అని. ఎన్నాళ్లనుంచి అలా ఉందో లెక్కేస్తే అక్టోబరు పన్నెండు అని తేలింది. ఆ రోజు నా పుట్టినరోజు. రైమో మిషను ఆపి, రెండు స్టిక్కులు పీకి బల్ల మీద పెట్టాడు, మిగిలిన రెండింటినీ సరైన స్లాట్లలో సర్దాడు, వేగం మళ్లీ ఆరు వేలకి పెట్టాడు. "ఇప్పుడు ఈ ర్యామ్‌ని గంటసేపు పరీక్షకి పెట్టు. ఒక్క తప్పు కూడా రాకపోతే ఆడుకో. వస్తే మాత్రం ఆట మధ్యలో స్క్రీను నల్లబడుతుంది, అప్పుడు నన్ను తిట్టుకోకు," అని వెళ్లిపోయాడు. అప్పటికి పదకొండుకి పది నిమిషాలు తక్కువ. ఎవరు ఆడతారో పేర్లు మార్చుకోవడానికి గడువు పన్నెండింటి దాకా. నిన్న సాయంత్రం నా పేరు కొట్టేసి మా టీములోనే వెన్లా అనే అమ్మాయి పేరు రాశారు, నన్ను అదనపు మనిషిగా ఉంచారు.

అందుకే ఇలా కూర్చున్నాను. స్క్రీను మీద పచ్చగీత పాకుతోంది, పద్నాలుగు శాతం, పదిహేను శాతం. చుట్టూ మూడు వందల కంప్యూటర్లు, మూడు వందల మంది, ఎవరి హెడ్‌ఫోన్లు వాళ్లవి, కాఫీ వాసన, తడిసిన బూట్ల వాసన, కింద ఎక్కడో చెక్క పలకల అడుగున ఐసు చల్లగా ఉంది, పాదాలకి తెలుస్తోంది. పదహారు శాతం. నాకు ఒకటే అనిపిస్తోంది, ఎవర్నైనా పట్టుకుని చెడామడా తిట్టాలని. ముందు ఎవర్ని అన్నదే తేలడం లేదు. ఓస్కరినా? కోచ్ కదా, వాడికే మొదటి వంతు రావాలి. నవంబరులో వాడు నన్ను కాఫీకి పిలిచాడు. పిలిచినప్పుడే అనుమానం వచ్చి ఉండాల్సింది, ఓస్కరి ఊరికే ఎవరినీ కాఫీకి పిలిచే రకం కాదు. నల్ల సాసేజీ ఒకటి కొని, లింగన్‌బెర్రీ జాము పక్కకి నెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు, "కైసా, నీకు ముప్పై ఆరు. చేతులు నెమ్మదించాయి. అందరికీ జరిగేదే. ఇందులో నీ తప్పేం లేదు." నా తప్పు కాదని ఎంత పెద్ద మనసుతో చెప్పాడో. నేనేమన్నాను? పొగబాంబు పడి పొగ లేచినప్పుడు స్క్రీను మీద బొమ్మ ఆగుతోంది ఓస్కరీ అన్నాను. ముగ్గురు నలుగురు ఒక్కసారి కనపడితే బొమ్మ పట్టేసినట్టవుతోంది, అప్పటికే చచ్చిపోతున్నాను అన్నాను. "మూలన అంకె చూశావా? రెండు వందల ఎనభై ఫ్రేములు వస్తున్నాయి సెకనుకి. నీ మానిటరు చూపించేదే రెండు వందల నలభై. ఇంకేం కావాలి నీకు?" అన్నాడు.

రెండు వందల ఎనభై సగటు. సగటు! గోడ వెంట నడిచేటప్పుడు నాలుగు వందలు, గోడ దాటి పొగలోకి అడుగు పెట్టగానే తొంభై. రెంటినీ కలిపి సగటు తీస్తే అందంగానే ఉంటుంది. ఆ తొంభై ఉన్న అర సెకనులోనే కదా ఆట ఉండేది. ఆ అర సెకనులోనే నేను తలుపు దగ్గర మనిషిని చూడాలి, తుపాకీ తిప్పాలి, కాల్చాలి. నేను చూసేసరికి బొమ్మ పాతది, మనిషి అప్పటికే పక్కకి జరిగాడు, నా తూటా గోడకి తగిలింది. సగటు చూసి మనిషిని తేల్చేసే బుద్ధి ఎవరు నేర్పారు వీళ్లకి? ఒక కాలు ఐసులో, ఒక కాలు పొయ్యిలో పెట్టుకుని కూర్చుంటే సగటున హాయిగా ఉందంటాడేమో ఓస్కరి.

ఇరవై తొమ్మిది శాతం. తప్పులు సున్నా. పోనీ ఓస్కరి ఒక్కడే అన్నాడనుకుందాం, నేనెందుకు నమ్మాను? అసలు కోపం అక్కడ. మర్నాడు పొద్దున మూడో నంబరు ట్రామ్ తీసుకుని బయల్దేరాను. అప్పటికి నాలుగేళ్లుగా నడుపుతున్నాను ఆ లైను, నిద్రలో లేపినా ఏ సిగ్నలు దగ్గర ఎంత ఆగాలో చెబుతాను. హామీన్‌కాతు వీధిలో ఒక ముసలావిడ చక్రాల వాకరు తోసుకుంటూ, నేల గాజులా గడ్డకట్టి ఉంది, పట్టాల మీదికి ఒక అడుగు జారింది. బ్రేకు వేశాను. ట్రామ్ ఆగింది, చాలా దూరంలోనే ఆగింది, ఆవిడ చెయ్యి ఊపి వెళ్లిపోయింది కూడా. నా వెనక కూర్చున్న వాళ్లకి ఏమీ తెలియలేదు. నేను మాత్రం తర్వాతి స్టాపు దాకా అదే లెక్కేసుకున్నాను. ఆలస్యంగా వేశానా? ఎప్పటికన్నా ఆలస్యమా? ఆటలో పొగ దగ్గర ఆలస్యమవుతున్నట్టే ఇక్కడా అయితే? అక్కడైతే చచ్చాక మళ్లీ లేస్తాం. ఆ వారమే డిపోకి వెళ్లి, నన్ను కొన్నాళ్లు ట్రామ్ మీంచి దింపండి, ఆఫీసు పని ఇవ్వండి అని నా నోటితో నేనే అడిగాను. మా సూపర్‌వైజరు కళ్లజోడు తీసి చూసింది. "కైసా, నీ మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు." డాక్టరు దగ్గరికి పంపింది. అక్కడ దీపాలు వెలిగే పెట్టె ముందు కూర్చోబెట్టి మీటలు నొక్కించారు. "బాగున్నాయి, మీ వయసుకి చాలా బాగున్నాయి," అంది డాక్టరమ్మ. మీ వయసుకి! ఆ రెండు ముక్కలు అనకపోయి ఉంటే నమ్మేదాన్నేమో. ఆ దీపాల పెట్టె నెమ్మదిది, మా ఆట లెక్కలు వేరు అనుకుని, డిపోలో కూర్చుని మూడు నెలలుగా డ్రైవర్ల సెలవుల పట్టికలు రాస్తున్నాను. కిటికీలోంచి నా ట్రామ్ వెళ్తుంటే తల దించుకునేదాన్ని. నా ట్రామ్! రెండు ర్యామ్ స్టిక్కుల కోసం దిగాను దాని మీంచి!

నవ్వొస్తోంది. కాదు, నవ్వు కాదిది. కళ్ల పరీక్ష చేయించుకున్నాను. చేపనూనె మాత్రలు మింగాను. కాఫీ మానేశాను, ఈ దేశంలో కాఫీ మానెయ్యడమంటే మాటలా, డిపోలో అందరూ నాకేదో జబ్బు వచ్చిందనుకున్నారు. వేళ్లకి వ్యాయామాలు, మణికట్టుకి పట్టీ, పడుకునే ముందు ఫోను చూడకపోవడం. ప్రతి ఆట తర్వాత రికార్డింగు పెట్టుకుని నన్ను నేను చూసుకుంటూ, ఇదిగో ఇక్కడ ఆలస్యం, ఇదిగో ఇక్కడ మళ్లీ ఆలస్యం, అని నోటుబుక్కులో రాసుకునేదాన్ని. రెండు నోటుబుక్కులు నిండాయి. ఒక్కసారి, ఒక్క రోజు, ఆ కంప్యూటరు రేకు విప్పి చూడాలని తట్టలేదు. మనిషికి వయసొస్తుందని వెంటనే నమ్ముతాం గానీ యంత్రం మందగించిందని మాత్రం నమ్మం, అందులోనూ దీపాలు వెలుగుతుంటే. పోనీ తట్టకేం, తట్టింది. తట్టబట్టే కదా నవంబరులో జార్కోని అడిగాను.

జార్కో. నలభై ఒక్క శాతం. నాతో పదకొండేళ్లుగా ఉంటున్న మనిషి. ఇళ్లకి వేడినీళ్ల గొట్టాలు వేస్తాడు, ఖాళీ దొరికితే ఊళ్లో అందరికీ కంప్యూటర్లు కట్టి ఇస్తాడు. ఆయన కట్టిన కంప్యూటరంటే మా వాళ్లలో ఒక పేరుంది. నా పుట్టినరోజు నాడు ఆ రెండు స్టిక్కులూ తెచ్చి, నన్ను కళ్లు మూసుకోమని, ఒకటీ రెండూ అని నొక్కి పెట్టి, "చూడు, ఇప్పుడు ఒక్క స్లాటు కూడా ఖాళీ లేదు," అన్నాడు. ఆ మొహం నాకు గుర్తుంది, ఎంత సంతోషమో. కొత్త వాళ్లు ఎవరూ చెయ్యరు ఈ పొరపాటు, రెంటితో సరిపెట్టుకుంటారు. అన్నీ తెలిసిన వాళ్లే చేస్తారు, ఖాళీ స్లాటు చూస్తే చెయ్యి ఆగదు. నవంబరులో నేను, "ఏమో జార్కో, మిషన్లోనే ఏదైనా ఉందేమో చూడవా" అంటే, "నేను కట్టిన మిషన్లోనా?" అన్నాడు. అంతే. రెండో మాట లేదు. నేనూ అడగలేదు. పదకొండేళ్లలో మేము మాట్లాడుకున్న మాటలన్నీ కలిపినా ఒక రేడియో కార్యక్రమానికి సరిపోవు. అదేదో గొప్పనుకునేదాన్ని, మాటలు అక్కర్లేని కాపురం అని.

మాటల్లోనే అటు నుంచి వస్తున్నాడు. ఫ్లాస్కు, దాల్చినచెక్క బన్నులున్న కాగితం సంచి. నా బల్ల దగ్గరికొచ్చి స్క్రీను చూశాడు, తర్వాత బల్ల మీద పక్కన పెట్టిన రెండు స్టిక్కులూ చూశాడు. ఇది ఏమిటి అని అడగలేదు. అడగాలి కదా? ఎవరైనా అడుగుతారు కదా, ఇవెందుకు బయట ఉన్నాయి అని. ఫ్లాస్కు మూత తిప్పుతూ నిలబడ్డాడు.

"జార్కో, నీకు తెలుసు కదూ."

మూత తిప్పుతూనే ఉన్నాడు. "జనవరిలో తెలిసింది. మా పిన్ని కొడుక్కి ఇదే బోర్డుతో ఒకటి కట్టాను కదా. అప్పుడు బోర్డుతో వచ్చిన పుస్తకం చదివాను."

"జనవరిలో."

"చెబుదామనే అనుకున్నా."

"మరేం అడ్డొచ్చింది?"

ఫ్లాస్కు మూత బిగించాడు, మళ్లీ విప్పాడు. యాభై మూడు శాతం, యాభై నాలుగు శాతం. "నువ్వు సాయంత్రాలు ఇంట్లో ఉంటున్నావు," అన్నాడు చివరికి. "ఆరింటికల్లా వచ్చేస్తున్నావు. ఇద్దరం సౌనాలో కూర్చుంటున్నాం. ఎన్నేళ్లైందో అలా కూర్చుని. చెబితే మళ్లీ ఆ హెడ్‌ఫోన్లు పెట్టుకుంటావని..."

చెయ్యి ఎత్తాను. కొట్టడానికి కాదు, ఇంక చాలని. "పైకెళ్లి గ్యాలరీలో కూర్చో. ఇప్పుడు నీ మొహం నాకు కనపడకూడదు." ఫ్లాస్కు బల్ల మీద పెట్టి వెళ్లాడు. బన్నులు కూడా పెట్టాడు. బన్నులు! సౌనాలో వేడి రాళ్ల మీద నీళ్లు పోసి, ఆవిరి లేచాక, నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్క వేలికీ నూనె రాసేవాడు. చిటికెన వేలితో మొదలుపెట్టి, మెల్లగా, కణుపు కణుపునా. "నెమ్మదిగా తగ్గుతుందిలే," అనేవాడు. నేను తల వాల్చి ఏడ్చాను కూడా ఒకసారి, ఇంత మంచివాడు దొరికాడు, నేను ముసలిదాన్నవుతున్నా విసుక్కోకుండా చూసుకుంటున్నాడు అని. ఆ వేళ్లకి ఏమీ లేదని తెలిసి రాశాడు. తెలిసి, తెలిసి. డిపోలో పట్టికలు రాసొచ్చి, కిటికీలోంచి నా ట్రామ్ పోతుంటే ఎలా ఉందో చెబితే, తల ఊపుతూ విన్నాడు. ఒక్క మాట చెబితే మర్నాడే ఎక్కేదాన్ని కదా ట్రామ్. వాడు నన్ను కోరుకున్నాడట, అందుకట. నన్ను కావాలనుకునేవాడు నన్ను నాకు కాకుండా చేస్తాడా? ఇంకో సంగతి ఉంది, దానికే ఒళ్లు మండుతోంది. ఆ సాయంత్రాలు నాకూ బాగున్నాయి. బయట మైనస్ ఇరవై, లోపల చెక్క వాసన, వాడి భుజం. అవి బాగోలేదని ఇప్పుడు అబద్ధం చెప్పలేను. వాటిని కూడా పాడు చేశాడు, ఆ ఒక్కటీ క్షమించలేను.

డెబ్బై ఎనిమిది. రైమో ఒకసారి అటుగా వెళ్తూ బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఎనభై అయిదు. పన్నెండుకి పద్దెనిమిది నిమిషాలు. తప్పులు సున్నా. తప్పు వస్తే ఏం చెయ్యాలి? తప్పు వస్తే వేగం కాస్త తగ్గించి మళ్లీ గంట పెట్టాలి, ఆ గంట నాకు లేదు. తొంభై ఒకటి. పక్క బల్ల అతను నా వంక చూసి కుర్చీ కొంచెం దూరం జరుపుకున్నాడు, పళ్లు కొరుకుతున్నానేమో. తొంభై ఆరు. పచ్చగీత అక్కడే ఆగిపోయింది. పాకడం లేదు. పాకు. పాకవే! తొంభై ఏడు. నూరు శాతం అయి, పన్నెండుకి పది నిమిషాలుండగా, తప్పులు సున్నా అని తెల్లటి అక్షరాలు వచ్చాయి. నేను లేచి ఓస్కరి దగ్గరికి నడిచాను. మా టీము బల్లల దగ్గర వెన్లా నా కుర్చీలో కూర్చుని ఉంది, ఇరవై ఆరేళ్ల పిల్ల, జడ వేసుకుని, నోట్లో ఉప్పటి లైకరైసు మిఠాయి బిళ్ల. చెప్పాల్సింది నాలుగు ముక్కల్లో చెప్పాను. స్టిక్కులు, వేగం, ఫ్రేములు, పొగ. ఓస్కరి గడ్డం గోక్కున్నాడు.

"సరే. మంచిదే. అయితే ఒక పని చెయ్యి, అయిదు నిమిషాలు వెన్లాతో ఒకరికొకరు ఆడండి. ఎవరు గెలిస్తే..."

"ఎందుకు?"

"రుజువు కావాలి కదా కైసా."

"నాలుగు నెలలు ఆ కంప్యూటర్ని ఎవడూ రుజువు అడగలేదు. నన్నే అడిగారు. రుజువు అదిగో అక్కడ స్క్రీను మీదుంది, వెళ్లి చదువుకో." నా గొంతు ఎంత పెద్దగా లేచిందో నాకు తెలియలేదు, రెండు వరసల అవతలి వాళ్లు హెడ్‌ఫోన్లు తీసి చూశారు. ఇక్కడ గొంతెత్తి మాట్లాడటమంటే బట్టలు విప్పుకోవడం కన్నా పెద్ద తప్పు. ఓస్కరి చెవులు ఎర్రబడ్డాయి. లైకరైసు బిళ్ల బుగ్గ మార్చుకుంటూ వెన్లా లేచింది.

"నేను తప్పుకుంటాలే. నిన్న నా పేరు రాశాక నీ పాత ఆటలన్నీ చూశా, ఏం తప్పు చేస్తున్నావో తెలుసుకుందామని. పొగలో తప్ప నువ్వెక్కడా ఆలస్యంగా లేవు," అంది. తర్వాత ఓస్కరి వైపు తిరిగి, "ముసలితనం పొగలోనే వస్తుందా? పొగ పోగానే పోతుందా?" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఓస్కరి పేర్ల కాగితం తీసుకుని, వెన్లా పేరు కొట్టేసి, పక్కన నా పేరు రాసి, నడుచుకుంటూ వెళ్లి పోటీ నిర్వాహకులకి ఇచ్చొచ్చాడు. "సరే," అన్నాడు నాతో. క్షమించమని కాదు, పొరపాటైందని కాదు, సరే అని. ఆ సరే గొంతులో ఎముకలా అడ్డంగా ఉంది ఇంకా. నా కంప్యూటర్ని మా బల్ల మీదికి మోసుకొచ్చాను, ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

ఆట మొదలైంది. పైన గ్యాలరీలో ఒక చోట జార్కో ఉన్నాడని తెలుసు, అటు చూడలేదు. కీళ్లలో ఇంకా కోపం కొట్టుకుంటోంది, మౌసు చుట్టూ వేళ్లు బిగుసుకున్నాయి. మొదటి రౌండులో మధ్య దారి నాకు అప్పగించారు. గోడ వెంట నడిచాను. పొగ పడింది. అడుగు పెట్టాను. బొమ్మ ఆగలేదు. పొగ నూలుపోగుల్లా విడివిడిగా కదులుతోంది, నేను ఇంతకాలం పొగని చూడనేలేదు. ఒకరు తలుపు దగ్గర, ఒకరు పెట్టెల వెనక, ఇద్దరూ స్పష్టంగా, ఇద్దరి భుజాలూ ఎటు తిరుగుతున్నాయో కూడా కనపడుతోంది. వెనక్కి జరిగి మావాళ్లకి చెబితే సరిపోయేది. జరగలేదు. కోపంలో ఉన్నాను కదా, ఇద్దర్నీ నేనే పడగొట్టాలనుకున్నాను. పెట్టెల వెనక వాడి మీదికి వెళ్లాను, వాడు పడ్డాడు, తలుపు దగ్గర వాడు తీరిగ్గా గురి చూసి నన్ను కొట్టాడు. చచ్చాను. నాతో పాటే ఆ రౌండూ పోయింది. మా టీములో ఒక పద్ధతుంది. రౌండు పోయాక, ఎవరి వల్ల పోయిందో వాళ్లు హెడ్‌ఫోనులో ఒక్క మాటలో ఒప్పుకోవాలి, అప్పటిదాకా ఎవరూ నోరు విప్పరు. ఈ నాలుగు నెలల్లో దాదాపు ప్రతి నిశ్శబ్దంలోకీ నేనే "నాది" అని చెప్పాను, ప్రతిసారీ తల దించుకుని చెప్పాను, ఒక్కసారి కూడా అది నాది కాదు. ఇప్పుడు హెడ్‌ఫోన్లలో నలుగురి ఊపిరి వినపడుతోంది, ఎదురు చూస్తున్నారు.

"నాది," అన్నాను. నిజంగానే నాది.